కళ్ళజోడులో మండువా లోగిలి



మొన్న ఒక ఎగ్జిబిషన్‌లో మా వదినగారు సరదాపడి 'వర్చువల్ రియాలిటీ' కళ్ళజోడు పెట్టుకున్నారు. కొండల మధ్య రయ్యిన ఎగిరిపోతున్నట్టు దృశ్యం. నిమిషమైనా కాలేదు, తల తిరుగుతోందంటూ కూలబడిపోయారు. "ఇదంతా కుర్రకారు వ్యవహారం లేమ్మా, మనకెందుకు?" అన్నారు.

తప్పు మీది కాదన్నాను. కళ్ళేమో ఎగురుతున్నామంటాయి, ఒళ్ళేమో కదల్లేదంటుంది. రెండింటికీ పొత్తు కుదరకే ఆ తిప్పట. దృశ్యం తయారు చేసినవారు చూసుకోవలసిన సంగతి అది.

ఇంతకీ ఆ కళ్ళజోడులో ఏముంటుంది? బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు కాస్త పక్కకి జరిగినట్టుంటుంది కదూ! ఆ తేడాతోనే కంటికొక బొమ్మ చొప్పున చూపిస్తే మనకి లోతు తెలుస్తుంది. ఈ కిటుకును 1838లోనే చార్లెస్ వీట్‌స్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వివరించాడు. చిన్నప్పుడు మనం చూసిన వ్యూమాస్టర్ కూడా ఇదే. ఇప్పటి కళ్ళజోడులో, మీరు తల తిప్పితే బొమ్మ కూడా అందుకు తగ్గట్టు మారుతుంది. సెకనుకు 72 సార్లో, 90 సార్లో కొత్తగా గీస్తూనే వుంటుంది. అది ఆలస్యమైతే మళ్ళీ వికారమే.

దీన్ని కళగా మలిచినవారిలో కెనడా చిత్రకారిణి షార్ డేవీస్ ఒకరు. చదునుగా వుండే కాన్వాసు చాలదనిపించి ఇటు వచ్చారు. 1995లో మాంట్రియల్‌లో 'ఆస్మోస్' అనే రచన ప్రదర్శించారు. చూసేవారు ఛాతీకి ఒక తొడుగు వేసుకుంటారు. ఊపిరి పీలిస్తే పైకి తేలుతారు, వదిలితే కిందికి దిగుతారు, ఒరిగితే ఆ వైపు సాగుతారు. లోపల చెట్టు, కొలను, అడవి. సముద్రంలో మునిగి ఈదే అలవాటు నుంచి ఆవిడకి వచ్చిన ఆలోచన ఇది. బయట కూర్చున్నవారికి ఆ మనిషి నీడ తెర మీద కనిపిస్తుంది, మన తోలుబొమ్మలాటలోలాగే. అలా చూడవచ్చినవారే ప్రదర్శకులయ్యారు. ప్రోగ్రాములు రాసినవారు వేరు, సంగీతం కూర్చినవారు వేరు. ఊహ ఆవిడది.

మరి మనం ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు ఒక కాగితం తీసుకోండి. నడుమ చుక్క పెట్టండి. అది మీ ప్రేక్షకురాలు. ఆమె చుట్టూ, ఎదుట, వెనక, నెత్తిమీద ఏమేం వుంటాయో గీయండి. నాటకంలో ప్రేక్షకులు ఎదురుగా కూర్చుంటారు, ఇక్కడ రంగస్థలం మధ్యనే వుంటారు. వెనక జరిగేది వారికి కనపడదు. అందుకని ముందు చప్పుడు వినిపించాలి. గజ్జెలు మోగితే ఎవరైనా తిరిగి చూస్తారు కదా!

తర్వాత కంప్యూటరు. వస్తువులు మలచటానికి 'బ్లెండర్' అనే ప్రోగ్రాము ఉచితం. వాటిని ఒకచోట కూర్చి కదిలించటానికి 'యూనిటీ', 'అన్‌రియల్' వంటివి వున్నాయి. నేర్చుకునేవారు వీటికీ డబ్బు కట్టనక్కరలేదు. మొదట ఒక చెంబు, ఒక అరుగు చెయ్యటం వస్తే చాలు. తొలి రచన రెండు నిమిషాలు దాటనివ్వకండి. చూసేవారిని కూర్చోబెట్టండి. వారి కాళ్ళ కింద నేల కదపకండి.

ఇదంతా విన్న వదినగారు కాసేపు మాట్లాడలేదు. ఆవిడ పుట్టింటి మండువా లోగిలి పడగొట్టి చాలా ఏళ్ళయింది. ఫోటో ఒక్కటీ లేదు. బావి ఎక్కడుండేదో, వాననీళ్ళు ఏ మూలనుంచి మండువాలోకి దూకేవో ఇప్పుడు తెలిసింది ఆవిడ ఒక్కరికే. కాగితం చేతికిచ్చాను. చుక్క పెట్టి, "ఇక్కడ నేను" అన్నారు. వెనక వైపు బావి గీసి, "ముందు గిలక చప్పుడు వినిపించాలి" అన్నారు.

బ్లెండర్ మనవడు నేర్చుకుంటున్నాడు. స్తంభం ఎంత లావో, గడప ఎంత ఎత్తో చెప్పవలసింది మాత్రం ఆవిడే.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరి జ్ఞాపకంలో అలాంటి ఇల్లు వుండే వుంటుంది. వారుండగానే ఆ కాగితం వారి చేతికివ్వండి. వుంటాను.