చుబుకముపై చీమలబారు

మా మేనకోడలికి క్రిందిదవడ పైదవడను మించి ముందుకు వచ్చి, ముందరిపండ్లు ఒకదానితో నొకటి కలియక, జామకాయ కొరుకుటయు జంతికలు నములుటయు చిన్ననాటినుండి కష్టసాధ్యముగా నుండెడిది. రెండేండ్లు పండ్లకు క్లిప్పులు కట్టించుకొని, ఎముక ఎదుగుదల పూర్తియైనదని నిర్ధారణ చేసికొన్న పిమ్మట, ఇరువదిరెండవయేట ఆమె దవడకు ఆపరేషన్ చేయించుకొన్నది. మూడవనాడు నేను చూడబోయినప్పుడు ముఖము గుమ్మడికాయవలె వాచి యుండెను గాని, వాపును గూర్చి ఆమెకు చింత లేదు; అది తగ్గునని ముందే చెప్పి యుండిరి. పైపండ్లను క్రిందిపండ్లతో కలిపి రబ్బరుబ్యాండ్లు తగిలించి యుండుటచే, మాటలను పండ్లసందులలో వడగట్టుచు, "మామయ్యా, ఈ గడ్డం నాది కాదు. ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది" అన్నది. మా అక్క పలుచని మజ్జిగ గ్లాసులో పోసి యిచ్చినప్పుడు పెదవి మూలనుండి ఒక ధార గడ్డముమీదుగా కారిపోవుచున్నను పిల్లకు తెలియలేదు. తడి మెడకు తగిలిన తరువాతనే తెలిసినది. ఆపరేషన్ నొప్పికి కంట తడి పెట్టని పిల్ల ఆ మజ్జిగధారకు ఏడ్చినది.

మన భాషలో ఈ అవస్థకు రెండు మాటలున్నవి. వానిని మనము తరచు కలగాపులగము చేయుదుము. స్పర్శ బొత్తిగా తెలియకుండుట మొద్దుబారుట. చీమలు ప్రాకినట్లును సూదులు గ్రుచ్చినట్లును ఉండుట తిమ్మిరి. చాలసేపు బాసిపట్లు వేసికొని కూర్చుండి లేచినవానికి ఈ రెంటి వరుస అనుభవమే: కాలు మొదట మొద్దుబారును, ఒత్తిడి తొలగిన పిదప తిమ్మిరెక్కును. అనగా తిమ్మిరి మొద్దుతనమునకు ముదిరిన రూపము కాదు, దాని నిష్క్రమణము. దవడ ఆపరేషన్ చేయించుకొన్నవారు మొదట నేర్వవలసినది ఈ వరుసనే. ఏలనన నరము కోలుకొనునప్పటి గుర్తులన్నియు, తెలియనివారికి వ్యాధి ముదురుచున్న గుర్తులుగానే తోచును.

మెదడునుండి వెలువడు పండ్రెండు జతల కపాలనాడులలో అయిదవది ముఖమునకు స్పర్శజ్ఞాన మిచ్చునది. అది మూడు శాఖలుగా చీలి, మొదటిది నుదుటికిని, రెండవది చెక్కిళ్ళకును పైపెదవికిని, మూడవది క్రిందిదవడకును పోవును. ఈ మూడవ శాఖలోని ఒక నరము, చెవికి క్రిందుగా దవడయెముక లోపలివైపున నున్న రంధ్రములో దూరి, ఎముకలోనే ఒక సొరంగమువెంట పండ్లవేళ్ళకు దిగువగా పయనించి, దౌడపండ్లకు ముందున్న చిన్న పండ్ల క్రింద మరియొక రంధ్రముగుండ వెలికివచ్చి, చుబుకమునందును క్రిందిపెదవియందును కొమ్మలు వేయును. క్రింది దౌడపన్ను పీకుటకు ముందు డాక్టరు ఇంజక్షన్ ఇచ్చునది ఈ నరము సొరంగములో దూరబోవు చోటనే. అందుచేతనే ఎక్కడో వెనుకనున్న పన్ను పీకించుకొన్నను ముందున్న పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారి యుండును.

ఇప్పుడు సర్జన్ చేయు పనిని చూతము. 1957లో ట్రౌనర్, ఓబ్‌వెగెసర్ అను సర్జనులు ప్రకటించి, 1961లో డాల్ పాంట్ సవరించిన పద్ధతియే నేటికిని క్రిందిదవడ ఆపరేషన్లలో ప్రధానమైనది. కందిగింజను రెండు బద్దలు చేసినట్లు, దవడయెముక వెనుకటి భాగమును వెలుపలి పలకగాను లోపలి పలకగాను నిలువున చీల్చి, పండ్లున్న భాగమును కావలసినంత ముందుకో వెనుకకో జరిపి, టైటానియం ప్లేట్లతోను స్క్రూలతోను బిగింతురు. కోత నోటిలోపలనే. అయితే నరము పోవు సొరంగము సరిగా ఆ రెండు బద్దల నడుమ నుండుటచే, ఎంత నేర్పరియైన సర్జనుకైనను దానిని కొంచెమైనను సాగదీయకుండ, నలపకుండ ఈ పని నిర్వహించుట దుర్ఘటము. పైగా ఆపరేషన్ తరువాత వాపు వచ్చును. మెత్తని చెంప వాచినచో ఉబ్బుటకు చోటుండును గాని, ఎముక సొరంగములో నున్న నరము వాచినచో దానికి చోటేది? కనుక మొదటి దినములలో దాదాపు ప్రతి రోగికిని పెదవియు గడ్డమును మొద్దుబారును. అంతమాత్రమున ఏదో పొరపాటు జరిగినదని తలంపరాదు. పైదవడకు ఆపరేషన్ అయినచో ఈ మొద్దుతనము పైపెదవికిని, చెక్కిళ్ళకును, ముక్కుప్రక్కలకును, పైచిగుళ్ళకును వచ్చును. తక్కిన కథ అంతయు ఒకటే.

ఇచ్చట మా మేనకోడలి సందేహ మొకటి చెప్పవలెను. పెదవి చచ్చిపోయినదని ఆమె అనుకొన్నది. "అమ్మ అను" అంటిని. స్పష్టముగా అన్నది. "బావ అను" అంటిని. ఏడుపు మధ్య నవ్వి, అదియు అన్నది. ప, బ, మలు ఓష్ఠ్యములని వ్యాకరణము చదివినవారికి చెప్పనక్కరలేదు. రెండు పెదవులు కలిసిననే గాని అవి పలుకవు. పెదవిని కదలించు నరము వేరు: అది ఏడవ కపాలనాడి, దాని దారి దవడయెముక సొరంగముగుండ కాదు. కనుక పెదవి కదలుచునే యున్నది, కదలినట్లు తెలుపు వార్త మాత్రము రాకున్నది. తన మాట ముద్దగా వచ్చుచున్నదని రోగికి తోచును. వినువారికి వాపు తగ్గిన పిమ్మట ఏ తేడాయు కనబడదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున క్షతగాత్రులైన సైనికుల నరములను ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షించిన హెర్బర్ట్ సెడన్, 1943లో, నరమునకు తగులు దెబ్బలను మూడు తరగతులుగా విభజించెను. కరెంటుతీగవలె నరములోని ప్రతి పోగునకును లోపల తంతువు, దాని చుట్టును తొడుగు కలవు. తంతువు తెగక, తొడుగు నలిగి వార్త నిలిచిపోవుట మొదటి తరగతి. ఇది కొన్ని దినములలోనో వారములలోనో తనంత తాను సర్దుకొనును. వెలుపలి గొట్టము నిలిచి లోపలి తంతువులు తెగుట రెండవది. నరము సమూలముగా తెగిపోవుట మూడవది. దీనికి కుట్టుపని లేక తరణోపాయము తక్కువ. దవడ ఆపరేషన్లలో అధికముగా కనబడునవి మొదటి రెండును, తరచు ఆ రెంటి మిశ్రమమును. ఒకే నరములో కొన్ని పోగులు నలిగి, కొన్ని తెగి యుండవచ్చును. అందుచేతనే కొంత స్పర్శ నెలలోగా వచ్చి, తక్కినది ఆరు నెలలు, ఏడాది పట్టును. ఎడమవైపు వచ్చి కుడివైపు రాకుండుటయు ఇట్టిదే. రెండు వైపుల నరములు వేరు, వాని అదృష్టములును వేరు.

తెగిన తంతువునకు ఏమగునో విశదముగా చూపినవాడు ఆగస్టస్ వాలర్. 1850లో అతడు కప్పనాలుకకు పోవు నరములను కోసి చూడగా, కోతకు ఆవలనున్న భాగమంతయు కొన్నాళ్ళలో ముక్కలై నశించెను; కోతకు ఈవల మెదడువైపున్న భాగము నిలిచెను. మిగిలిన మొదలునుండి కొత్త మొలక బయలుదేరి, ఖాళీయైన పాత గొట్టమునే దారిగా చేసికొని ప్రాకును. దాని వేగము దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు. చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్లు పెరుగును. ఆ లెక్కన నరపుమొలక గోటికంటె పదిరెట్లు వేగము గలది. అయినను దవడ వెనుకనుండి పెదవివరకు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరము. మొలక మొదలగుటకే కొంత కాలము పట్టును. కనుక మూడు నెలలకు తక్కువగా ఆశించుట అత్యాశ. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చినప్పుడు బి-కాంప్లెక్సు మాత్రలు వ్రాసి యిచ్చుట మనవద్ద పరిపాటి. వేసికొనవచ్చును గాని, మాత్రపై భారము మోపి రోజులు లెక్కించుట వలన మనస్తాపమే మిగులును.

ఈ మొలకను కంటితో చూడకయే దాని రాకను గుర్తించు ఉపాయము 1915లో దొరకినది. మొదటి ప్రపంచయుద్ధములో ఎదురెదురు పక్షములకు చెందిన ఇద్దరు వైద్యులు, ఫ్రాన్సున జూల్ టినెల్, జర్మనీలో పాల్ హాఫ్‌మన్, ఒకరితో ఒకరికి సంబంధము లేకయే ఒకే సంగతిని ప్రకటించిరి: నరము కోలుకొనుచున్నచో, దానిమీద వ్రేలితో మెల్లగా తట్టినప్పుడు, అది పోవు చోటునందు తిమ్మిరి పుట్టును. టినెల్ దానికి పెట్టిన ఫ్రెంచి పేరునకు మూలము చీమ అను మాట. ఫ్రెంచి వైద్యునికిని, అరుగుపై కూర్చున్న మన ముసలమ్మకును ఒకే చీమ తట్టినందులకు నాకు ఇప్పటికిని ఆనందము కలుగును.

అయిదవ వారమున మా మేనకోడలు ఫోను చేసి, "మామయ్యా, గడ్డం మీద చీమలు పాకుతున్నాయి. అద్దంలో చూస్తే ఒక్కటీ లేదు" అన్నది. భయపడవద్దని చెప్పుటకు నాకు మాటలు వెదకికొనవలసిన పని లేకపోయినది.

స్పర్శ తిరిగివచ్చు వరుసను తన శరీరముమీదనే పరీక్షించి చూచినవాడు హెన్రీ హెడ్ అను ఆంగ్లవైద్యుడు. 1903 ఏప్రిల్‌లో అతడు తన ఎడమచేతిలోని నరమును బుద్ధిపూర్వకముగా కోయించుకొనెను. అతని మిత్రుడు రివర్స్ కొన్ని సంవత్సరములపాటు సూదితోను, దూదితోను, చల్లని వేడి వస్తువులతోను ఆ చేతిని పరీక్షించెను. ఈ రివర్స్ అంతకు కొంచెము ముందే మన నీలగిరులకు వచ్చి తోడాల జీవనమును పరిశీలించిన మహాశయుడే. ముందుగా వచ్చినవి మొరటు అనుభవములు: సూది గ్రుచ్చినచో ఎక్కడో తెలియని చురుకు, అవసరమునకు మించిన బాధ. దూదిపింజ తాకిడిని గుర్తించు సున్నితపు స్పర్శ చాల ఆలస్యముగా వచ్చినది. వారు 1908లో ప్రకటించిన సిద్ధాంతమును తరువాతివారు అంగీకరింపలేదు గాని, మొరటుది ముందు, సున్నితము వెనుక అను అనుభవము రోగులకు ఉపయోగించును. కొన్ని వారములు ఫ్యాను గాలి సోకినను గడ్డము జివ్వుమనును, తువాలు తగిలినను మండును. అది చాలవరకు మార్గమధ్యమే. రాత్రి నిద్రపట్టనీయని మంట, విద్యుత్తు కొట్టినట్టి పోటు వచ్చినను, మూడు నెలలైనను ఎట్టి మార్పును కానరాకున్నను, సర్జనుకు తప్పక చెప్పవలెను. నరమును సూక్ష్మదర్శిని క్రింద బాగుచేయదగిన సందర్భములకు కాలాతీతము హాని.

ఇక మెదడు సంగతి. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రే 1937లో ప్రకటించిన పటములో, మెదడు ఉపరితలమున శరీరపు ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క చోటున్నది. అందు వీపంతటికి దక్కినది కొంచెము, పెదవులకు దక్కినది మిక్కిలి. ఇంత పెద్ద ఇలాకానుండి హఠాత్తుగా వార్తలు నిలిచిపోయినచో మెదడు ఊరకుండదు. ఉన్నదానిని పెంచి ఊహించుకొనును. పన్ను డాక్టరు ఇంజక్షన్ తరువాత పెదవి బూరెవలె ఉబ్బినట్లు తోచుటయు, అద్దములో చూచిన మామూలుగా నుండుటయు ఇందువలననే. నరము తిరిగి మొలచునప్పుడు తంతువులన్నియు తమ పాత చోట్లకే చేరవు. పెదవినుండి వచ్చిన వార్తను మెదడు గడ్డమునుండి వచ్చినట్లు చదువును. కనుక నరమునకు మిల్లీమీటరు లెక్కన కాలము కావలయును, మెదడునకు అక్షరాభ్యాసము కావలయును.

ఆ అక్షరాభ్యాసమునకు సాధనములు ఒక అద్దము, పౌడరు అద్దుకొను మెత్తని కుంచె. సర్జను అనుమతి యిచ్చిన పిదప, మొదట స్పర్శ బాగుగా నున్న చెంపపై కుంచె ఆనించి, దాని తీరును మనస్సునకు పట్టించుకొని, అదే తాకిడిని గడ్డముపై చేసి, అద్దములో చూచుచు పోల్చుకొనవలెను. తరువాత కన్నులు మూసికొని కుంచె కదలుచున్నదా, నిలిచినదా గుర్తింపవలెను. ఇంకను కొన్నాళ్ళకు, ఎడమకు పోయినదా, కుడికి పోయినదా చెప్పవలెను. దినమునకు మూడు నాలుగు పర్యాయములు, కొద్ది నిమిషములు. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2007లో ప్రకటించిన పరీక్షలో, నోరు తెరచు వ్యాయామములతోపాటు ఈ అభ్యాసమును గూడ చేసినవారు, అది చేయనివారికంటె, మొద్దుతనము తమకు తక్కువ బాధ కలిగించుచున్నదని చెప్పిరి.

దినదినపు జాగ్రత్తలు మాత్రము వంటింటిలో నేర్చుకొనవలసినవి. పెదవి థర్మామీటరు పని మానినది గనుక, రాగిజావయో చారో గ్లాసులో పోసినప్పుడు మణికట్టు లోపలివైపున ఒక చుక్క వేసి చూడవలెను. శిశువు పాలసీసాను తల్లి చూచునట్లే. మొద్దుబారిన చర్మమునకు కాలుటయు తెలియదు, గడ్డకట్టుటయు తెలియదు. కనుక కాపడములు వలదు, మంచు పెట్టుమన్నచో గుడ్డలో చుట్టి కొద్దిసేపే పెట్టవలెను. నమలుటకు సెలవు దొరకిన తరువాత అన్నపు ముద్దతో పాటు పెదవియు పండ్లక్రిందికి పోవును. నెమ్మదిగా, అద్దము ముందు తినుట మేలు. మగవారు గడ్డము గీసికొనునప్పుడు చర్మము తెగినది రక్తము చూచియే తెలిసికొందురు. మా అక్క ఒక సంజ్ఞ ఏర్పరచినది: నలుగురిలో నున్నప్పుడు ఆమె తన గడ్డమును తాకినచో, కూతురి గడ్డముపై మెతుకున్నదని అర్థము. అనేక ఉపదేశములకంటె ఆ సంజ్ఞ ఆ పిల్లకు పెండ్లిభోజనముల కూర్చుండు ధైర్యమిచ్చినది.

ప్రసంగవశమున ఒక హెచ్చరిక: ఏ ఆపరేషనును, ఏ దెబ్బయును లేక గడ్డము మొద్దుబారినచో ఉపేక్షింపరాదు, అరుదుగానైనను అది మరియెక్కడనో పుట్టిన క్యాన్సరు దవడయెముకకు చేరినదనుటకు తొలిసూచన కావచ్చును.

మా మేనకోడలు మొదటినుండి ఒక పని చేసినది. ప్రతి ఆదివారము కాటుకపెన్సిలు మొనతో గడ్డముపై గ్రుచ్చుకొనుచు, స్పర్శ ఎచ్చట ఆగునో అచ్చట చుక్క పెట్టి, చుక్కలు కలిపి, ఫోనుతో ఫొటో తీసికొనెడిది. మొదటి ఫొటోలో గీత పెదవి ఈ మూలనుండి ఆ మూలకు, క్రింద దవడ అంచువరకు పోయినది. మూడవ నెలలో ఎడమసగము విడిపోయినది. ఏడవ నెలలో కుడివైపున రూపాయిబిళ్ళంత. మొన్న ఏడాది నిండిన ఆదివారమునాటి ఫొటో పంపినది. పెదవికి కొంచెము దిగువగా, బొట్టుబిళ్ళంత వలయము. "ఇది ఇంక పోదేమో మామయ్యా" అన్నది. అని, అలవాటుచొప్పున ముంజేతితో గడ్డము తుడుచుకొన్నది.