ఉన్నదానిని పంచే నేర్పు – కోలారు గనులు చెప్పే పాఠము

సంఘానికి నూలు పుష్కలంగా వచ్చిన నెలలో ఎవరైనా పంచగలరు. అవసరానికి తగినంత రాని నెలలోనే శాఖను నడిపే మేనేజరు నేర్పు బయటపడుతుంది. ఈ నేర్పు పుట్టుకతో రాదు. లెక్క చూచి, పని చూచి అలవరచుకొనవలసినది. ఇందుకు కోలారు బంగారు గనులను ఉదాహరణగా తీసుకొందాము. తమిళ సోదరులతో పాటు చిత్తూరు ప్రాంతపు తెలుగువారు ఎందరో చెమటోడ్చిన చోటు అది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఆ గనులను చేపట్టింది. 1902లో శివనసముద్రం నుండి విద్యుచ్ఛక్తి వచ్చింది. 1956లో మైసూరు ప్రభుత్వము వాటిని స్వాధీనము చేసుకొన్నది. 2001 ఫిబ్రవరి 28న అవి మూతపడ్డాయి. ఈలోగా ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది.

మొదటి పాఠము: అసలు కొరత ఎక్కడ ఉన్నదో కనుగొనుట. గనిలో మనుషులు దిగాలన్నా, కలప దించాలన్నా, రాయి పైకి తేవాలన్నా గని బావే దారి. లోతు పెరిగిన కొద్దీ ఒక్కొక్క విడతకు ఎక్కువ సేపు పడుతుంది. తొలినాళ్లలో టన్ను రాతికి 47 గ్రాముల వరకు దొరికిన బంగారము చివరకు 3 గ్రాములకు దిగింది. అంటే అంతే బంగారానికి పదిహేను రెట్ల రాయి తోడాలి. అటువంటిచోట కూలీలను పెంచినంత మాత్రాన లాభము లేదు. తోడే యంత్రపు గంటలను సరిగా పంచాలి. మన షెడ్డులోనూ అంతే. రంగు వేసేవాడు ఒక్కడే అయితే, మగ్గాలు ఎన్ని ఉన్నా రంగుబట్ట అతని చేతి మేరకే వస్తుంది.

రెండవది: ఆగరానిదానికి ముందు ఇచ్చుట. కరెంటు తగ్గితే రాయి దంచే మిల్లు కొంతసేపు ఆగవచ్చును. లోపలి మనుషులకు గాలి ఇచ్చే పంకాలు, నీరు తోడే పంపులు ఆగరాదు. సంఘములో నేసినవాని మజూరీ అటువంటిది. ఆఫీసు బల్లలు, బీరువాలు ఆగవచ్చును.

మూడవది: రేపటి భాగము తీసిపెట్టుట. ఉన్న కూలీలనందరినీ రాయి తీయడానికే పెట్టి, కొత్త సొరంగాలు తవ్వడము మానితే, కొంతకాలానికి తీయడానికి రాయి ఉండదు. బట్ట అమ్మిన రొక్కమంతా ఈ నెలే ఖర్చుచేసి, వచ్చే నెల నూలుకు చేతులు చాచే సంఘపు గతీ అదే.

నాలుగవది చాలా కష్టమైనది. 30 మగ్గాలకు మగ్గానికొక్కటి చొప్పున 40 నెంబరు నూలు బేళ్లు 30 కావాలనుకొందాము. 18 మాత్రమే వచ్చినవి. పది పౌన్ల బేలుకు 400 చిలపలు. సమంగా పంచితే తలకు 240 చిలపలు. పైకి న్యాయమే. కాని పొట్టి పడుగుకైనా ఆసు పోయడము, గంజి పెట్టడము, అతకడము తప్పవు. శ్రమ అంతే, బట్ట తక్కువ. 18 మగ్గాలకు నిండుగా ఇచ్చి, తక్కిన 12 కుటుంబాలకు ఆ నెల కండెలు చుట్టే పని, ఆసు పని చూపి, వచ్చే నెల నూలు వారితోనే మొదలుపెట్టడము మేలని మా అభిప్రాయము. అయితే ఆ వరుస ముందే వ్రాసి, అందరి ఎదుట చదివి, గోడకు అంటించాలి. చాటుగా చేసిన పంపకము ఎంత సరియైనదైనా అనుమానానికి తావిస్తుంది.

నెలాఖరున ఎవరికి ఎంత ఇచ్చామో, ఎంత బట్ట వచ్చిందో, ఏ మగ్గము ఎన్ని రోజులు ఖాళీగా ఉన్నదో పక్కపక్కన వ్రాసి చూచుకొనాలి. ఆ పుస్తకమే మేనేజరుకు గురువు.

పంపకపు నేర్పు లేని సరుకును పుట్టించలేదు. బంగారము అడుగంటితే ఎంతటి మేనేజరూ తేలేడు. కాని ఉన్నది వృథా కాకుండా, పస్తు ఒకే ఇంటి మీద పడకుండా కాపాడగలదు. మన సంఘాల మేనేజర్ల నుండి మనము కోరేది అంతే.