బ్రౌన్ దొర పక్కన కూర్చున్నదెవరు?

ఫ్రెండ్స్, రోజంతా జాబ్ పోర్టల్స్ తిరగేసే మీకు పందొమ్మిదో శతాబ్దపు సాహిత్యం అంటే 'మనకెందుకులే' అనిపించొచ్చు. బీటెక్ చేసిన నాకూ అలాగే ఉండేది. తెలుగు ఓసీఆర్ గురించి బ్లాగు రాద్దామని బ్రౌన్ నిఘంటువు తెరిచేదాకా!

సి.పి. బ్రౌన్ 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తర్వాత అక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి పెట్టుకున్నాడు. ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి తేడాలు పట్టడం, శుద్ధప్రతి రాయించడం... ఇదీ ఆ బంగళాలో పని. మన భాషలో డేటా క్లీనింగే కదా! 1829లో వేమన పద్యాలు, 1852లో నిఘంటువు అచ్చయ్యాయి.

ఇంతవరకూ బళ్లో చదివిందే. ఈమధ్యి పరిశోధకులు ఇంకో ప్రశ్న వేస్తున్నారు: ఈ పనంతా చేసిందెవరు? బ్రౌన్ మీద పీటర్ ష్మిట్టెన్నర్ 2001లో పుస్తకం తెచ్చారు. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితులు లేకుండా ఆ కథ చెప్పలేం. రమాసుందరి మంతెన 2012 నాటి పుస్తకంలో కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరుల పాత్రను బయటికి తెచ్చారు. మన ఊళ్ల కైఫీయత్తులు మెకంజీ సేకరణలోవే.

నాకు బాగా నచ్చింది మాత్రం 1854లో వచ్చిన బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు. కావ్యాల్లో కనబడని కచేరీ మాటలు, పరభాషా పదాల కోసం వేరే పుస్తకం! కర్నూలు 1839 దాకా నవాబుల ఏలుబడిలోనే ఉండింది. దస్తావేజు, వకీలు, జవాబు అని మనం అనేవన్నీ ఫార్సీ, అరబ్బీల నుంచి వచ్చినవే. పుస్తకాల తెలుగు మాత్రమే నేర్పిన వాయిస్ మోడల్‌కు మన సీమ మాట ఎక్కడ అర్థమవుతుంది చెప్పండి?

మరి ఉద్యోగాలు? రేపే నోటిఫికేషన్ పడుతుందని ఆశపెట్టను. కేంద్రం 2025 బడ్జెట్‌లో 'జ్ఞాన భారతం' మిషన్ ప్రకటించింది. కోటికి పైగా రాతప్రతుల సర్వే, సంరక్షణ దాని లక్ష్యం. భారతీయ భాషల అనువాద, వాయిస్ టెక్నాలజీ కోసం 'భాషిణి' ఉంది. ఎంఏ తెలుగు వాళ్లకు నెట్, జేఆర్ఎఫ్ దారి ఎలాగూ ఉంది. పాత లిపి చదవగలిగి, కాస్త పైథాన్ కూడా వచ్చినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకూ ఇద్దరు ముగ్గురే తగిలారు.

బ్రౌన్ నిఘంటువు షికాగో యూనివర్సిటీ సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. కడపలో ఉన్నవాళ్లయితే ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికే వెళ్లండి. యోగి వేమన యూనివర్సిటీ నడుపుతోంది. ఒక పాత పుస్తకం అడిగి, అనుమతిస్తే ఒక పేజీ ఫోటో తీసుకుని ఓసీఆర్‌లో వేసి చూడండి. అరసున్నా, బండి 'ఱ' దగ్గర ఎన్ని తప్పులొస్తాయో లెక్కపెట్టండి. మీ మొదటి ప్రాజెక్టు అక్కడే దొరకొచ్చు.