‘బీఏనా? చేసి?’: ఉస్మానియా ఆర్ట్స్ పట్టభద్రుల గురించి మీకు తెలుసా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం రోజులూ ఇళ్ళలో కౌన్సెలింగ్ మాట తప్ప మరోటి వినపడదు. ఆ హడావిడిలో పిల్లో పిల్లాడో ‘నేను బీఏలో చేరతా’ అంటే పెద్దవాళ్ళ నోటి నుంచి ఒక్కటే మాట వస్తుంది: ‘చేసి?’ ఆ ప్రశ్నకు జవాబులు వెతకాలంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం మంచి చోటు. అక్కడ ఆర్ట్స్ చదివినవాళ్ళ దారులు చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. చాలామంది చదివింది ఒక భాషలో, పేరు తెచ్చుకుంది ఇంకో భాషలో. పట్టా ఒక దాంట్లో, బతుకంతా మరో పనిలో.

ఆర్ట్స్ కాలేజీ భవనం కంటే ఆర్ట్స్ పట్టభద్రులే ముందు పుట్టారని తెలుసా?

ఏడో నిజాం ఫర్మానా 1917లో వెలువడింది. తరగతులు 1919లో గన్‌ఫౌండ్రీ దగ్గర మొదలయ్యాయి. ఇవాళ ఫొటోల్లోనూ ఉద్యమాల పోస్టర్లలోనూ కనిపించే గులాబీ రంగు గ్రానైట్ భవనానికి ప్రారంభోత్సవం జరిగింది 1939 డిసెంబరు 4న. అంటే మొదటి ఇరవై ఏళ్ళ పట్టభద్రులు ఆ మెట్లు ఎక్కకుండానే పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. భవనానికి రూపమిచ్చింది ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి. అంతకుముందు ఆయన ఈజిప్టులో పనిచేశాడు. దగ్గరికెళ్ళి స్తంభాల తలకట్లు చూడండి, అజంతా ఎల్లోరా గుహలు గుర్తొస్తాయి. తలెత్తితే పైన ఉన్నవి మాత్రం ఇస్లామీ కమాన్లు.

అసలు విశేషం భవనంలో కంటే బోధనలో ఉంది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయం ఇదే. చరిత్ర, అర్థశాస్త్రమే కాదు, వైద్యమూ ఇంజినీరింగూ కూడా ఉర్దూలోనే చెప్పేవారు. పాఠ్యపుస్తకాలు కావాలి కాబట్టి అనువాదాలకు ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టారు. మరి ఊళ్ళలో తెలుగు, కన్నడం, మరాఠీ మాట్లాడే పిల్లల సంగతి? వాళ్ళు ఉర్దూ నేర్చుకుని రావాల్సిందే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కిందివన్నీ మరింత బాగా అర్థమవుతాయి.

తెలుగుకు జ్ఞానపీఠం తెచ్చిన కవి బీఏ ఉర్దూ మాధ్యమంలో చదివారని తెలుసా?

సి. నారాయణరెడ్డి కథ ఇది. 1931లో నేటి సిరిసిల్ల జిల్లా హనుమాజీపేటలో పుట్టారు. వీధిబడి దాటగానే చదువంతా ఉర్దూలో సాగింది. ఊళ్ళో హరికథలు, జానపదాలు, భజనలు విని పెంచుకున్న తెలుగు ఒక పక్క, పరీక్షల్లో రాయాల్సిన ఉర్దూ మరో పక్క. ఉస్మానియాలో తెలుగు ఎంఏ చేసి అక్కడే పరిశోధనకు దిగారు. ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలూ ప్రయోగాలూ అన్నది అంశం. ఆ సిద్ధాంత గ్రంథం ఇప్పటికీ తెలుగు ఎంఏ విద్యార్థులకు తప్పించుకోలేని పుస్తకం.

డాక్టరేటు వచ్చింది 1962లో. ఎన్టీఆర్ సినిమా ‘గులేబకావళి కథ’ విడుదలైందీ అదే ఏడాది. అందులో పాటలన్నీ ఆయనవే. పొద్దున విశ్వవిద్యాలయంలో పాఠం, సాయంత్రం మద్రాసు ట్రంకు కాలుకు పాట అని ఆ రోజుల్ని ఊహించుకోవడం నాకు సరదా. మూడు వేలకు పైగా సినిమా పాటలు రాసినా ఆయన మాస్టారి ఉద్యోగం వదల్లేదు. 1988కి జ్ఞానపీఠం వరించింది ‘విశ్వంభర’ కావ్యకర్తగా. ఆ తర్వాత తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి, 1997లో రాజ్యసభ సభ్యుడు. ఆయన పాటల్లో గజల్ నడక, ఉర్దూ పలుకుబడి అంత ఒద్దికగా ఎలా కుదిరాయని అడిగేవాళ్ళకు ఆయన మార్కుల జాబితా చూపిస్తే చాలు.

అదే తెలుగు శాఖ నుంచి తొలి పీహెచ్‌డీ పట్టా దేనికి వచ్చిందో తెలుసా?

ప్రబంధాలకనో వ్యాకరణానికనో అనుకుంటాం. వచ్చింది పల్లె పాటలకు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద 1956లో డాక్టరేటు తీసుకున్నారు. నాట్లేసేవాళ్ళూ తిరగలి తిప్పేవాళ్ళూ పాడుకునే పాటల్ని ఊరూరా తిరిగి సేకరించారు. ఉర్దూ విశ్వవిద్యాలయంగా పేరుపడ్డ చోట చదువురాని ఆడవాళ్ళ తెలుగు పాట పరిశోధనాంశం కావడం మామూలు విషయం కాదు. ఈ ధోరణి ఆ శాఖలో నిలిచింది కూడా. తర్వాతి తరంలో ఎన్. గోపి వేమనను ప్రజాకవిగా పరిశోధించారు. ఆయనా తెలుగు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు, 2000లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు.

ఉర్దూ ఎంఏ చదివిన మాస్టారు సాయుధ పోరాటంలోకి వెళ్ళి, చనిపోయాక హిందీ సినిమా పాటగా తిరిగొచ్చారని తెలుసా?

మఖ్దూం మొహియుద్దీన్ పుట్టింది మెదక్ ప్రాంతంలో, పేద కుటుంబంలో. ఉస్మానియాలో చదువుకునేటప్పుడే బెర్నార్డ్ షా నాటకాన్ని ఉర్దూలోకి మలిచి ఆడించారు. ఎంఏ అయ్యాక సిటీ కాలేజీలో ఉర్దూ చెప్పారు. ఆ ఉద్యోగం వదిలేసి కార్మిక సంఘాల్లోకి, కమ్యూనిస్టు పార్టీలోకి, అజ్ఞాతంలోకి, జైలుకు. ఆ తర్వాత హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు, చాలాకాలం శాసనమండలిలో ఉన్నారు. 1969లో కన్నుమూశారు. ‘బిసాత్-ఎ-రక్స్’కు ఆ ఏడాదే సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

సినిమావాళ్ళు ఆయన్ను ఆ తర్వాత కూడా వదల్లేదు. ‘గమన్’ (1978)లో మఖ్దూం గజల్ పాడిన ఛాయా గంగూలీకి జాతీయ పురస్కారం వచ్చింది. ‘బాజార్’ (1982)లో మరో గజల్‌ను ఖయ్యాం బాణీలో లతా మంగేష్కర్, తలత్ అజీజ్ పాడారు. ఆ పాటలు కూనిరాగం తీసేవాళ్ళలో ఎందరికి తెలుసు, అవి రాసిన మనిషి రైతుల పక్షాన తుపాకీ మాట మాట్లాడినవాడని! హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది.

నిజాం పాలనలో చదివి, నిజాం పాలన మీదే రాసి ప్రాణం పోగొట్టుకున్న బీఏ పట్టభద్రుడు షోయబుల్లా ఖాన్ అని తెలుసా?

‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని, నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల ఆగడాలు ఆగాలని రాశారు. 1948 ఆగస్టులో కాచిగూడలో ఆయన్ను దాడి చేసి చంపారు. నెల తిరగకముందే నిజాం సైన్యం లొంగిపోయింది. ఇంకో నెల బతికుంటే అని అనుకోకుండా ఉండలేం.

లేని దేశానికి పౌరుడిగా దాదాపు యాభై ఏళ్ళు పారిస్‌లో బతికిన ఉస్మానియా పూర్వ విద్యార్థి ఉన్నారని తెలుసా?

షోయబుల్లా కథకు ఇది అవతలి ఒడ్డు. ముహమ్మద్ హమీదుల్లా 1908లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో ఎంఏ, ఎల్ఎల్‌బీ చేసి జర్మనీలోని బాన్‌లో ఒక డాక్టరేటు, పారిస్ సోర్బోన్‌లో ఇంకో డాక్టరేటు తీసుకుని తిరిగొచ్చి పాఠాలు చెప్పారు. ఆయన విషయం ఇస్లామీ అంతర్జాతీయ న్యాయం: యుద్ధంలో తటస్థంగా ఉండడమంటే ఏమిటి, రాజ్యాలు ఒకదానితో ఒకటి ఎలా మెలగాలి వగైరా.

చిత్రం ఏమిటంటే ఆ పాఠం ఆయన మెడకే చుట్టుకుంది. 1948లో హైదరాబాదు సంస్థానం తన గోడు భద్రతా మండలికి చెప్పుకోవడానికి పంపిన బృందంలో ఆయనా ఉన్నారు. అప్పట్లో మండలి సమావేశం పారిస్‌లో. అక్కడ వాదన జరుగుతుండగానే ఇక్కడ సెప్టెంబరు 17న సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. ఏ రాజ్యం తరఫున వెళ్ళారో ఆ రాజ్యమే లేదు. ఆయన వెనక్కి రాలేదు. శరణార్థి పత్రాలతో అక్కడే ఉండిపోయి పరిశోధన చేసుకున్నారు. 1959లో ఖురాన్ ఫ్రెంచి అనువాదం ప్రచురించారు. ఇప్పటికీ ఫ్రెంచి మాట్లాడే ముస్లింల ఇళ్ళలో అది కనిపిస్తుంది. చివరి రోజుల్లో అమెరికాలో బంధువుల దగ్గరికి చేరి 2002లో ఫ్లోరిడాలో చనిపోయారు. ఆయన రాజకీయాన్ని ఒప్పుకోవాల్సిన పని లేదు. ఉర్దూలో చదివి, జర్మనీలోనూ ఫ్రాన్సులోనూ డాక్టరేట్లు సాధించి, ఫ్రెంచిలో నిలిచిపోయిన ఆ చదువును మాత్రం తక్కువ చేయలేం.

‘అంకుర్’ సినిమా మొదట కాలేజీ పత్రికలో కథ అని తెలుసా?

శ్యాం బెనగళ్ పుట్టింది 1934లో సికింద్రాబాదు తిరుమలగిరిలో. ఇంట్లో కొంకణి, నాన్న ఫొటోగ్రాఫర్. ఉస్మానియాలో ఆయన చేసింది అర్థశాస్త్రంలో ఎంఏ. హైదరాబాదులో ఫిలిం సొసైటీ పెట్టి, బొంబాయి వెళ్ళి ప్రకటనల కంపెనీలో రాత పని మొదలుపెట్టారు. సబ్బులకీ టూత్‌పేస్టులకీ వందలకొద్దీ ప్రకటన చిత్రాలు తీశారు. తెలంగాణ దొర, అతని దగ్గర పనిచేసే దళిత స్త్రీ కథను మాత్రం జేబులో పెట్టుకుని పదేళ్ళకు పైగా నిర్మాతల చుట్టూ తిరిగారు. చివరికి డబ్బు పెట్టింది థియేటర్లలో ప్రకటనలు వేసే సంస్థే. 1974లో ‘అంకుర్’ వచ్చింది.

ఆ సినిమాలో షబానా ఆజ్మీ పోషించిన లక్ష్మి మాట్లాడే భాష గమనించండి. అది బొంబాయి హిందీ కాదు, హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో వినిపించే దక్కనీ. అంతకుముందు హిందీ సినిమాలో ఆ యాస వినిపిస్తే నవ్వించడానికే. బెనగళ్ దాన్ని ఏడవడానికీ ఎదిరించడానికీ వాడుకున్నారు. కథ చివర ఒక పిల్లాడు దొర కిటికీ అద్దం మీదికి రాయి విసిరి పరిగెడతాడు. దాన్ని గురించి పేజీలకు పేజీలు రాసిన విమర్శకులున్నారు.

ఆయన అర్థశాస్త్రం ఎక్కడికి పోయిందంటారా? ‘మంథన్’ (1976) చూడండి. పాల సహకార సంఘాల మీద తీసిన ఆ సినిమాకు గుజరాత్‌లోని ఐదు లక్షల మంది రైతులు తలా రెండు రూపాయలు వేసుకుని నిర్మాతలయ్యారు. ‘సుస్మన్’ పోచంపల్లి చేనేత మీద. తెలుగులోనూ ఒక సినిమా తీశారు, వాణిశ్రీతో ‘అనుగ్రహం’ (1978). 2010 నాటి ‘వెల్‌డన్ అబ్బా’కు ఆధారమైన కథల్లో ఒకటి హైదరాబాదు ఉర్దూ రచయిత్రి జీలానీ బానోది. కాగితాల మీద తవ్విన బావి కనపడ్డం లేదని ఊరివాళ్ళు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి ‘బావి పోయింది’ అని ఫిర్యాదు చేసే కథ అది. ప్రభుత్వ పథకాల మీద పది వ్యాసాలు చెప్పలేనిది ఆ ఒక్క ఫిర్యాదు చెబుతుంది.

రిజర్వు బ్యాంకు గవర్నరు సీట్లో వరసగా ఇద్దరు తెలుగువాళ్ళు కూర్చున్నారని తెలుసు. ఇద్దరి డాక్టరేట్లూ మన విశ్వవిద్యాలయాలవేనని తెలుసా?

వై.వి. రెడ్డి పీహెచ్‌డీ ఉస్మానియాది, తర్వాత వచ్చిన దువ్వూరి సుబ్బారావుది ఆంధ్ర విశ్వవిద్యాలయానిది. రెడ్డి దిగిపోయిన పది రోజులకు, 2008 సెప్టెంబరు 15న, అమెరికాలో లీమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది; ఆ సంక్షోభం సుబ్బారావు నెత్తిన పడింది.

రాజనీతిశాస్త్రం ఎంఏ చేసిన ఒకావిడ లక్షల మంది పిల్లల్ని పొలాల నుంచి బడికి మళ్ళించారని తెలుసా?

నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా 1972లో ఉస్మానియాలో ఎంఏ చేసి, ఢిల్లీ జేఎన్‌యూలో డాక్టరేటు తీసుకుని తిరిగొచ్చి హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. వెట్టి కూలీల మధ్య పనిచేస్తుండగా, వాళ్ళలో పిల్లలు ఎంతమంది ఉన్నారో కళ్ళారా చూశారు. తాతగారు, చరిత్ర, రాజనీతి పండితులు మామిడిపూడి వెంకటరంగయ్య పేరున నెలకొల్పిన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లాలో పని మొదలైంది.

ఆమె పట్టుకున్న సూత్రం చాలామందికి అప్పట్లో మింగుడు పడలేదు. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లాడూ బాలకార్మికులే. ఫ్యాక్టరీలో ఉన్నా, గొడ్లు కాస్తున్నా, ఇంట్లో చంటిబిడ్డను ఎత్తుకుని ఉన్నా ఒకటే. ‘పేదలకు పిల్లల సంపాదన లేకపోతే గడవదు’ అన్న వాదనను ఆమె ఒప్పుకోలేదు. పన్నెండేళ్ళ పిల్లను తీసుకెళ్ళి ఒకటో తరగతిలో ఆరేళ్ళ వాళ్ళ పక్కన కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడే మానేస్తుంది. అందుకని శిబిరాలు పెట్టి, అక్కడే ఉంచి, కొన్ని నెలల్లో వయసుకు తగ్గ తరగతికి తయారు చేసేవారు. ఊళ్ళో దొరలతో, తల్లిదండ్రులతో, టీచర్లతో మాట్లాడేది ఊరి యువకులే. ఇది రాజనీతిశాస్త్రం పాఠం కాకపోతే మరేమిటి? 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు.

ఇంగ్లీషు ఎంఏతో పార్లమెంటులో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళనే తడుముకునేలా చేసిన నాయకుడు ఎవరో తెలుసా?

ఎస్. జైపాల్‌రెడ్డి. పసితనంలో పోలియో సోకి ఊతకర్రలతో నడిచారు. 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద పోటీ చేసి ఓడిపోయారు, అయినా వెనక్కి తగ్గలేదు. 1990లో చట్టమై అటకెక్కిన ప్రసారభారతిని 1997లో సమాచార మంత్రిగా కిందికి దించి అమల్లోకి తెచ్చింది ఆయనే. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. అన్నట్టు, తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు పట్టా కూడా ఉస్మానియా సాహిత్యం ఎంఏనే. ఆయన సామెతల ధాటికి, పద్యాల ధారకు ప్రత్యర్థులూ చప్పట్లు కొట్టిన సందర్భాలున్నాయి.

చివరగా, ఉస్మానియా చేజేతులా పోగొట్టుకున్న విద్యార్థి ఎవరో తెలుసా?

1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడొద్దన్నారు. పిల్లలు వినలేదు. ఉస్మానియాలోనూ దాని కింద నడిచే కాలేజీల్లోనూ వందల మందిని బహిష్కరించారు. అలా బయటపడ్డవాళ్ళను పిలిచి సీట్లిచ్చింది నాగపూర్ విశ్వవిద్యాలయం. వరంగల్‌లో ఇంటర్ చదువుతున్న పి.వి. నరసింహారావు ఆ గుంపులో ఒకరు. తర్వాత పుణెలో బీఎస్సీ, నాగపూర్‌లో లా. విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చిందీ, నవల రాసిందీ, పలు భాషల్లో మాట్లాడిందీ ఆ సైన్సు పట్టభద్రుడే. 1991లో ఆయన ప్రధాని అయినప్పుడు పూర్వ విద్యార్థి అని చెప్పుకునే హక్కు నాగపూర్‌కు దక్కింది. బహిష్కరించిన చోట ఆయన పేరు బహిష్కృతుల జాబితాలోనే మిగిలింది.