ఓడమల్లన్న, బోడిమల్లన్న

హైటెక్ సిటీ అద్దాల మేడల నీడలో బస్సుకై వేచియుండువారు 2019 నాటి ఆర్.టి.సి. సమ్మెను మరవరాదు. 2011 సకలజనుల సమ్మెలో బస్సుల నాపి తెలంగాణోద్యమమునకు బలమిచ్చినది ఈ కార్మికులే. ఉద్యమమును నడిపిన పక్షమే అధికారమున నుండగా, సంస్థను ప్రభుత్వమున విలీనము చేయుడని అక్టోబరు 5న దాదాపు 48,000 మంది సమ్మెకు దిగిరి. వారు తమ యుద్యోగములను తామే పోగొట్టుకొనిరని ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు ప్రకటించిరి. వామపక్ష కార్మిక సంఘములును పోరున నిలిచినవి. హుజూర్‌నగర్ ఉపయెన్నికలో పాలకపక్షమున కిచ్చిన మద్దతును సి.పి.ఐ. ఉపసంహరించుకొన్నది. కొందరు కార్మికులు ప్రాణములే తీసికొనిరి. 52 దినముల పిదప, కోర్కె తీరకయే సమ్మె ముగిసినది.

2023 ఆగస్టులో ఆ ప్రభుత్వమే ఉద్యోగులను సర్కారు కొలువులోనికి తీసికొను బిల్లును శాసనసభలో నెగ్గించినది. నాలుగేండ్లకు న్యాయమైన కోర్కె నాడేల నేరమైనది?