అణా ఫలాహారము - పురజనుల ధనము

త్యాగరాయనగరము పేరు వినని విద్యార్థి చెన్నపట్నమున ఉండడు. ఆ పేరు సర్ పిట్టి త్యాగరాయ సెట్టిగారిది. తెలుగు మాటలాడు దేవాంగ కుటుంబమున 1852లో జన్మించిన ఆయన, ప్రభుత్వోద్యోగి కాకయే మద్రాసు కార్పొరేషనుకు అధ్యక్షులైన వారిలో ప్రథములు. ఆయన కాలమున జరిగిన ఒక చిన్న ప్రయత్నమును పరిశీలించినచో, ప్రజాధనముతో నడుచు మంచిపనులు ఏల నిలుచునో, ఏల ఆగిపోవునో మనకు బోధపడును.

1920 సెప్టెంబరులో కార్పొరేషను సభ ఒక తీర్మానము చేసినది. థౌజండ్ లైట్సు ప్రాంతమందలి కార్పొరేషను పాఠశాలలో చదువు పిల్లలకు, ఒక్కొక్కరికి దినమునకు ఒక అణాకు మించని ఖర్చుతో ఫలాహారము పెట్టవలెనని దాని సారాంశము. ఆనాడు రూపాయికి పదునారు అణాలు. పిల్లల పేదరికము వలన బడిలో సంఖ్య తగ్గుచున్నదని అధ్యక్షులు సభకు విన్నవించిరి. తరువాత మరి నాలుగు పాఠశాలలకు ఈ యేర్పాటు వ్యాపించినది. కాని 1925లో ఆగిపోయినది. ప్రాథమిక విద్యానిధి నుండి ఈ ఖర్చు చేయుటకు ప్రభుత్వము సమ్మతింపలేదు.

దీని భావమేమి? పురపాలక సంస్థ ధనమంతయు ఒకే సంచిలో ఉండదు. ఆస్తిపన్ను వేరు, ప్రభుత్వ సహాయము వేరు, నిర్ణీతకార్యములకై ఏర్పరచిన నిధులు వేరు. దేనికై తీసిన ధనము దానికే వ్యయము కావలెనన్నది నియమము. ఈ నియమమే లేనిచో కాలువకు తీసిన సొమ్ము మరొక దారి పట్టును. అయితే ఆ నియమమే అణా ఫలాహారమునకు అడ్డుపడినది. కావున మంచిపనికి దయ యొక్కటే చాలదు. దానికంటూ ఒక పద్దు ఉండవలెను. 1956లో కామరాజు ప్రభుత్వము, 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వము విస్తృతముగా సాగించిన మధ్యాహ్న భోజనమునకును, 2022లో ఆరంభమైన ఉదయపు ఫలాహారమునకును రాష్ట్ర ప్రభుత్వ ధనము ప్రధానాధారమైనది.

పద్దు ఉన్నంత మాత్రమున సరిపోదు. లెక్క అడుగువారును ఉండవలెను. కార్పొరేషనులో కూలీల హాజరుపట్టీలకు, అనగా మస్టరు రోళ్లకు, సంబంధించిన అక్రమములు బయటపడిన పిమ్మట 1973లో ఎన్నికైన పాలకసభను రద్దుచేసిరి. మరల ఎన్నికలు జరిగినది 1996లో. ఇరువదిమూడేండ్లు నగరమును అధికారులే నడపిరి. తప్పుచేసినవారిని తొలగించుట న్యాయమే. కాని సభయే లేనప్పుడు, మా వీధికి రావలసిన దీపమేదని పేదవాడు ఎవరి నడుగవలెను? 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగసవరణ, అయిదేండ్లకొకసారి పురపాలక ఎన్నికలు జరుపవలెనని విధించినది. అయినను 2016 మొదలు 2022 ఫిబ్రవరి వరకు చెన్నపట్నమునకు ఎన్నికైన సభ లేకపోయెను.

లెక్కలను పరీక్షించుటకు ఆడిటు శాఖ కలదు గదా యని కొందరందురు. నిజమే. రసీదు సరిగా ఉన్నదా, టెండరు సక్రమముగా జరిగినదా యని ఆడిటరు చూచును. కాని వంటలో పప్పు ఎంత పడినదో తినిన బిడ్డకు తెలియును. కాలువ లోతెంతయో వాన వచ్చినపుడు ఆ వీధివారికి తెలియును. కాగితమును చూచు కన్నొకటి, పనిని చూచు కన్నొకటి. ఈ రెండును కావలెను. ఈ రెండవ కన్నునకు చోటు కల్పించుటకే తమిళనాడు ప్రభుత్వము 2022లో వార్డు కమిటీలకు, ఏరియా సభలకు నియమములు ప్రకటించినది. వార్డులోని ఒక్కొక్క భాగమునందలి ఓటర్లు కూడి, తమకు కావలసిన పనులను చెప్పుకొనుటకు ఏరియా సభ ఏర్పడినది.

విద్యార్థులారా! నగరమున రెండువందల వార్డులు కలవు. మనము ఏ వార్డువారమో, ఆ వార్డు సభ్యులెవరో మనలో ఎందరికి తెలియును? మనకింకను ఓటు లేదు. అయినను సభకు పోవు అమ్మానాన్నలకు తమిళములో వెలువడిన ప్రకటనను చదివి తెలుగున విప్పి చెప్పవచ్చును. ఏ పనికి ఎంత కేటాయించిరి, అందులో ఎంత ఖర్చయినది అని అడుగుట అవిధేయత కాదు. అది పౌరధర్మము. ఆ ధనము పురజనులదే గనుక, లెక్క అడుగు హక్కును వారిదే.