కొత్త మోకీలు పాతదానిలా వంగుతుందా?

మోకాలి ఆపరేషన్ అయినవారిని గురించి పల్లెల్లో "చిప్పలు మార్చారంట" అని చెప్పుకోవటం మామూలే. నిజానికి మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను సుమారు సెంటీమీటరు మందాన చెక్కేస్తారు. తొడ ఎముకకు లోహపు తొడుగు, కాలి ఎముకకు లోహపు పళ్లెం బిగించి, రెంటి నడుమ ప్లాస్టిక్ దిమ్మ అమరుస్తారు. చిప్పను ఉన్నదున్నట్లు వదిలేస్తారు, లేదా దాని లోపలివైపు ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు. ఆ ప్లాస్టిక్ మన బిందెలు, బకెట్లు చేసే పాలిథీన్ జాతిదే. కాకపోతే చాలా గట్టి రకం.

గుజ్జు అరిగి ఆపరేషన్‌కు సిద్ధపడేవారు మొదట అడిగేది నొప్పి తగ్గుతుందా అని. చాలామందికి తగ్గుతుంది. ఆ తరవాత వచ్చే ప్రశ్నే అసలు చిక్కు: "మళ్లీ కింద కూర్చోగలనా?" దీనికి జవాబు కావాలంటే ముందు పుట్టుకతో వచ్చిన మోకాలు ఎలా కదులుతుందో చూడాలి.

తలుపు బందు కాదు

మోకాలు తలుపు బందులా ఒక్క ఇరుసు మీదే మడత పడుతుందని పైకి అనిపిస్తుంది. అది నిజం కాదని, తొడ ఎముక దొర్లుతూ జారుతుందని జర్మనీలో వెబర్ సోదరులు 1836లోనే రాశారు. తొడ ఎముక కొస గుండ్రం. దాని కింద కాలి ఎముక దాదాపు చదును. వంగేటప్పుడు పైది బండి చక్రంలా దొర్లుకుంటూ పోతే వెనక అంచు దాటి పడిపోవాలి. పడదు. బురదలో దిగబడిన ట్రాక్టరు చక్రం తిరుగుతూనే ఉన్నచోట ఉండిపోయినట్లు, అది కొంత దొర్లి కొంత జారుతుంది. కీలు లోపల కత్తెరలా అడ్డంగా ఉన్న రెండు లిగమెంట్లు పగ్గాల్లా దాన్ని అదుపులో పెడతాయి.

ఇంకో విశేషం ఉంది. మోకాలు వంగేటప్పుడు లోపలి సగం, బయటి సగం ఒకేలా కదలవు. కళ్లంలో బంతి కట్టి తొక్కించిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. నడుమ రాటకు దగ్గరగా ఉన్న ఎద్దు దాదాపు అక్కడక్కడే మెదులుతుంది, అంచు ఎద్దు మాత్రం చాలా దూరం తిరగాలి. మోకాలిలోనూ అంతే. లోపలి సగం ఇంచుమించు నిలకడగా ఉంటుంది, బయటి సగం వెనక్కి పోతుంది. అందుకే వంగే కొద్దీ కాలు కాస్త మెలి తిరుగుతుంది. కాలు పూర్తిగా చాపినప్పుడు చివర్లో ఈ మెలిక ఎదురు తిరిగి, తాళం పడినట్లు కీలు బిగుస్తుంది. రేషను షాపు ముందు గంటసేపు నిలబడినా తొడ కండ అలిసిపోకపోవటంలో ఈ తాళం పాత్ర తక్కువది కాదు.

మనిషి చేసిన కీలు

మొదట్లో వైద్యులూ దీన్ని బందుగానే చూశారు. 1890లో బెర్లిన్‌లో గ్లుక్ అనే డాక్టరు దంతంతో చేసిన బందును మోకాలిలో అమర్చాడు. క్షయ సోకిన కీళ్లు కావటంతో చీము పట్టి అవి నిలవలేదు. 1950లలో స్వీడన్‌లో వాల్డియస్ పెట్టిన బందు కీళ్లు కొంత మేలు. అయితే కాలు మెలి తిరగాలని చూస్తుంది, బందు తిరగనివ్వదు. ఆ బలమంతా ఎముకలో దిగిన కాడ మీద పడి అది వదులైపోయేది. రెంటినీ కలిపే బందు లేకుండా తొడుగు, దిమ్మ విడివిడిగా ఉండే కీళ్లు 1960ల చివర వచ్చాయి. 1974లో న్యూయార్క్‌లో ఇన్‌సాల్ బృందం వాడిన నమూనా ఇప్పటి కీళ్లకు మూలపురుషుడు లాంటిది.

ఈ ఆపరేషన్‌లో ముందరి లిగమెంటును దాదాపు అందరికీ తీసేస్తారు. వెనకదాన్ని కొన్ని రకాల్లో ఉంచుతారు. కొన్నింటిలో అదీ తీసేసి, ప్లాస్టిక్ దిమ్మ మధ్యలో చిన్న గూటం లాంటిది పెడతారు. కాలు కొంతమేర వంగాక తొడుగులోని అడ్డకమ్మి ఆ గూటానికి ఆని, తొడ ఎముకను వెనక్కి నెడుతుంది. ఒక పగ్గం తెగిన చోట మేకు దిగ్గొట్టి పని గడుపుకోవటం అన్నమాట.

1990ల నుంచి అమెరికాలో పరిశోధకులు కీళ్లు మార్చుకున్నవారిని ఎక్స్‌రే వీడియో ముందు వంగమని చూశారు. వెనక లిగమెంటును ఉంచిన అనేక మోకాళ్లలో తొడ ఎముక వెనక్కి పోవటానికి బదులు ముందుకు జారింది. మెలి తిరగటం తగ్గింది, కొందరిలో తలకిందులైంది. ముందుకు జారితే ఎముకల వెనక భాగాలు త్వరగా ఒరుసుకుని వంపు ఆగిపోతుంది. తొడ కండకు పట్టు తగ్గి మెట్లెక్కటం కష్టమవుతుంది. లోపలి సగం నిలకడగా ఉండేలా, మన కళ్లం ఎద్దుల పద్ధతిలో చేసిన నమూనాలూ వచ్చాయి. ఏదీ అసలును అచ్చుగుద్దినట్లు దింపలేదు.

లెక్క ఇదీ

బాగున్న మోకాలు 140 డిగ్రీల పైన వంగుతుంది. నడకకు 60, 70 చాలు. మెట్లకు 90 దాకా, తక్కువ ఎత్తు కుర్చీ నుంచి లేవటానికి 100 పైన కావాలి. గొంతుక్కూర్చుని కలుపు తీయాలన్నా, బాసింపట్టు వేసుకుని భోంచేయాలన్నా, నమాజుకు కూర్చోవాలన్నా 130 దాటాలి. మార్చిన మోకాలు సాధారణంగా 110, 120 దగ్గర ఆగుతుంది. ఎక్కువ వంగేందుకని ప్రత్యేకంగా చేసిన కీళ్లతో చెప్పుకోదగ్గ తేడా రాలేదని పరీక్షలు తేల్చాయి. కనుక ఎక్కువ డబ్బు పోస్తే కింద కూర్చోవచ్చునన్న మాటను నమ్మేముందు డాక్టరును గుచ్చి అడగండి. కోబాల్టు క్రోమియం రకం కీలుకు కేంద్రం 2017 ఆగస్టులో 54,720 రూపాయల గరిష్ఠ ధర కట్టింది, జీఎస్టీ అదనం. తరవాతి సవరణల్లో అది మారింది. బిల్లులో కీలు ధరను విడిగా చూపమనండి.

ఆపరేషన్ తరవాత ఎంత వంగుతుందన్నది చాలావరకు ముందు ఎంత వంగుతున్నదన్న దాని మీదే ఆధారపడుతుంది. ఏళ్లతరబడి ఓర్చుకుని, కాలు బిగుసుకుపోయాక వెళితే కొత్త కీలు కూడా అంతగా వంగదు. ఆపరేషన్ అయ్యాక మొదటి వారాల్లో నొప్పి అని వ్యాయామం మానేసినా అదే గతి. మోకాళ్ల మీద ఆనితే సాధారణంగా కీలు చెడిపోదు. కుట్టుకు బయటివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది కనుక చాలామందికి ఇబ్బందిగా తోస్తుంది.

కాలం చెల్లటం విషయంలో మాత్రం కబురు మంచిదే. ఇలా పూర్తిగా మార్చిన కీళ్లలో నూటికి 82 దాకా 25 ఏళ్లు నిలుస్తున్నాయని 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన లెక్క చెబుతున్నది.

ఇంట్లో నేలమట్టపు దొడ్డి ఒక్కటే ఉన్నవారు ఆపరేషన్ తేదీ ఖాయమయ్యేలోగానే కమోడ్ కుర్చీ, పట్టుకునేందుకు గోడకు ఒక కడ్డీ ఏర్పాటు చేసుకోవాలి. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే వాటి అవసరం పడుతుంది.